పబ్లిక్ ప్రాసిక్యూటరు వృత్తి

పిల్లలను న్యాయశాస్త్రము చదివింపగోరు తల్లిదండ్రులు కొందరు, "సర్కారు వకీలు పని యెట్టిది? తెలుగు బడిలో చదివినవానికి అది దొరకునా?" అని మమ్ము అడుగుచున్నారు. మన కృష్ణగిరి జిల్లాను దృష్టియందుంచుకొని ఆ సంగతి వివరించుచున్నాము.

హత్య వంటి ఘోర నేరముల విచారణ సెషన్సు కోర్టులో జరుగును. అచ్చట ప్రభుత్వ పక్షమున కేసు నడపువాడు పబ్లిక్ ప్రాసిక్యూటరు. మేజిస్ట్రేటు కోర్టులలో ఆ పని అసిస్టెంటు పబ్లిక్ ప్రాసిక్యూటరుది. ఇతడు పోలీసువారి మనిషియని పలువురి భ్రమ. దర్యాప్తు పోలీసులది; సాక్ష్యమును కోర్టు ముందుంచుట ఇతనిది. ఎట్లయినను శిక్ష వేయింపవలెనను ఆతురత ఇతనికి తగదనియు, ముద్దాయికి న్యాయముగా చెందవలసిన ప్రయోజనమును మరుగుపరుపరాదనియు సుప్రీముకోర్టు 1999లో శివకుమార్ కేసునందు చెప్పినది. గెలుపునకు అలవాటుపడిన ప్లీడరుకు ఈ నిగ్రహము కష్టమే.

ఇంటర్మీడియెటు స్థాయి చదువు ముగిసిన పిమ్మట ఐదేండ్లు గాని, డిగ్రీ పిమ్మట మూడేండ్లు గాని లా చదివి, బారులో చేరవలెను. తమిళనాట అసిస్టెంటు ప్రాసిక్యూటరులను పబ్లిక్ సర్వీసు కమిషను పరీక్షద్వారా ఎన్నుకొనుచున్నది. ఇది స్థిరమైన ఉద్యోగము. జిల్లా ప్రాసిక్యూటరు సంగతి వేరు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 18వ సెక్షను ప్రకారము అతనికి కనీసము 7 సంవత్సరముల న్యాయవాద వృత్తి ఉండవలెను. సెషన్సు జడ్జిని సంప్రదించి జిల్లా మేజిస్ట్రేటు పేర్ల జాబితా తయారుచేయగా, ప్రభుత్వము నియమించును. 1973 నాటి చట్టములోను పద్ధతి ఇదియే. ప్రభుత్వము మారినపుడు ఈ పదవిలోనివారు మారుటయు కద్దు. కావున కుటుంబ జీవనమునంతయు దీనిపై ఆధారపరచుట మంచిదికాదని మా అభిప్రాయము.

ఇక భాష. తమిళము చక్కగా రానివానికి ఇచ్చట ఈ వృత్తి లేదు. మొగమాటము లేక చెప్పుచున్నాము. అంతమాత్రమున తెలుగు వ్యర్థము కాదు. ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యము నడచినపుడు అతనికి తెలిసిన భాషలో వివరింపవలెనని అదే సంహిత విధించుచున్నది. సాక్షి తెలుగున చెప్పినచో కోర్టు భాషలోనికి సరియైన అనువాదము కావలెను. హోసూరు ప్రక్క పల్లెనుండి వచ్చిన ముసలమ్మ బోనెక్కి "కొట్టబోయినాడు" అనగా, అది "కొట్టినాడు" అని వ్రాతలోనికి ఎక్కినదనుకొందము. ఒక మనుష్యుని శిక్ష ఆ రెండు మాటల తేడాపై నిలిచియుండవచ్చును. పొరపాటును అప్పటికప్పుడు గుర్తించి, లేచి నిలిచి సరిదిద్దుటకు, తమిళముతోబాటు తెలుగును వచ్చిన ప్రాసిక్యూటరు ఆ కోర్టులో ఉండవలెను.