పరీక్షించి చూసే స్క్రిప్ట్

సీ భాషలో రాసిన ప్రోగ్రామ్ ఎక్కడైనా కంపైల్ అవుతుందన్న మాట కోడ్ వరకే నిజం. దాన్ని బిల్డ్ చేసే ఆదేశాలు మాత్రం ఊరు మారితే పనికిరావు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన ‘మేక్’, ఏ ఫైలు మారితే దేన్ని మళ్లీ కంపైల్ చేయాలో చూసుకునేది. కంపైలర్‌కు ఏ ఆప్షన్ ఇవ్వాలన్నది మనిషే చెప్పాలి. యునిక్స్ ఒక్కో కంపెనీ చేతిలో ఒక్కో రూపు దాల్చాక అదే పెద్ద చిక్కయింది. షేర్డ్ లైబ్రరీ తయారు చేయాలంటే జీసీసీ కంపైలర్‌కు ‘షేర్డ్’ అనాలి, సోలారిస్ లింకర్‌కు ‘జీ’ అనాలి, హెచ్‌పీ-యూఎక్స్ లింకర్‌కు ‘బీ’ అనాలి. 1991లో గ్నూ ప్రాజెక్టు పనిముట్లను చూసుకుంటున్న డేవిడ్ మెకెంజీకి, మేక్‌ఫైల్‌లో ఇలాంటి ఇరవై దాకా ఎంపికలను వాడేవాళ్ల మీద వదిలేయడం భారమనిపించింది. వాటిని తనంతట తానే కనిపెట్టే చిన్న షెల్ స్క్రిప్ట్ రాశారు. అదే ఆటోకాన్ఫ్‌గా ఎదిగింది.

యంత్రం పేరు చూసి దాని గుణాలు ఊహించడం తప్పన్నదే ఆ స్క్రిప్ట్‌లోని అసలు ఆలోచన. సోలారిస్ అని తెలిసినంత మాత్రాన అక్కడున్నది సన్ కంపైలరో జీసీసీయో తెలియదు. అందుకే ఆటోకాన్ఫ్ తయారుచేసే ‘కన్ఫిగర్’ స్క్రిప్ట్ పని పెట్టి చూస్తుంది. ఒక ఫంక్షన్ ఉందా అన్న సందేహం వస్తే, దాన్ని పిలిచే నాలుగు లైన్ల ప్రోగ్రామ్‌ను ‘కాన్ఫ్‌టెస్ట్’ పేరుతో అప్పటికప్పుడు రాసి, అక్కడి కంపైలర్‌కూ లింకర్‌కూ అప్పగిస్తుంది. లింక్ అయితే ఉన్నట్టు, కాకపోతే లేనట్టు. ఆ తర్వాత ఫైలును చెరిపేసి, జరిగిందంతా లాగ్‌లో ఉంచుతుంది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడడం లాంటిదిది.

ఇప్పుడు దాదాపు అంతా లైనక్సే కదా, ఇంత తతంగం ఎందుకని అడిగేవాళ్లున్నారు. లైనక్స్ అన్న పేరూ సరిపోదు. జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీలో ఉండే ‘బ్యాక్‌ట్రేస్’ ఫంక్షన్, మజిల్ అనే మరో సీ లైబ్రరీలో లేదు. పైగా మజిల్ తనను పేరుతో గుర్తుపట్టే మ్యాక్రోను కావాలనే ఇవ్వలేదు. పరీక్షించక తప్పదు. వేరే ప్రాసెసర్ కోసం బిల్డ్ చేసేటప్పుడు పరీక్ష ప్రోగ్రామ్‌ను నడిపి చూడలేమన్నది ఇంకా గట్టి అభ్యంతరం. దానికి ఆటోకాన్ఫ్ కనిపెట్టిన ఉపాయం నాకు ఎంతో ఇష్టం: ఒక టైపు సైజు తెలుసుకోవాలంటే, ఊహ తప్పయితే పొడవు రుణసంఖ్య అయ్యేలా ఒక అరే రాస్తుంది. కంపైలర్ ఒప్పుకుందా, తిరస్కరించిందా అన్నదాన్ని బట్టి హద్దులు కుదించుకుంటూ పోతుంది. ప్రోగ్రామ్‌ను ఒక్కసారి కూడా నడపకుండానే జవాబు దొరుకుతుంది. స్క్రిప్ట్ నెమ్మది అన్న ఫిర్యాదు మాత్రం నిజమే. కాలం చెల్లిన పరీక్షలు తీసేస్తే అది చాలావరకు తగ్గుతుంది.

ఈ పద్ధతికి అసలు ప్రమాదం వేరే చోట ఉంది. 2023లో క్లాంగ్ కంపైలర్ 16వ వెర్షన్, ఆ మరుసటి ఏడు జీసీసీ 14, ముందుగా డిక్లేర్ చేయని ఫంక్షన్‌ను పిలవడాన్ని ఎర్రర్‌గా పరిగణించడం మొదలుపెట్టాయి. పాత కన్ఫిగర్ స్క్రిప్టుల్లో ఆ తప్పున్న పరీక్షలు చాలానే ఉన్నాయి. పరీక్ష ప్రోగ్రామే కంపైల్ కాకపోయేసరికి, స్క్రిప్ట్ ఆ సదుపాయమే లేదనుకుని ముందుకు సాగింది. బిల్డ్ పూర్తయింది, ప్రోగ్రామ్‌లో ఒక భాగం మాత్రం చప్పుడు లేకుండా మాయమైంది. ఇంత జరిగినా మళ్లీ యంత్రం పేరును బట్టి గుణాలు చెప్పే జాబితాకు వెళ్లాలని నేను అనను, ఎందుకంటే ఆ జాబితా పాతబడినా ఇలాగే మౌనంగా మోసం చేస్తుంది. ఫెడోరా, జెంటూ అనే లైనక్స్ పంపిణీల బృందాలు పాత స్క్రిప్టులను ఒక్కొక్కటిగా తెరిచి, పరీక్షల్లో లోపించిన హెడర్లు చేరుస్తూ వచ్చాయి.