గౌతమీ సాగరసంగమము – యానాము, కోరంగి యాత్ర



గౌతమీనది సముద్రమున గలియు చోటికి క్రిందటి శీతకాలమున మా మనుమనితో గూడ పోయి వచ్చితిని. అచట చూచినదియు, చూడవలెనని పోయి కానలేకపోయినదియు నేడు మీకు విన్నవింతును.

నా నివాసము హైదరాబాదులోని మాదాపురము. 1998 లో సైబర్ టవర్స్ అను మేడ వెలసినది మొదలు ఆ ప్రాంతము హైటెక్ సిటీ యని పేరొందినది. మా మనుమడు అచటనే కంప్యూటరు పని చేయుచున్నాడు. ఒకనాడతడు, "తాతయ్యా, సెలవులలో ఫ్రాన్సు పోయి జిరోందు నదీముఖమును చూడవలెనని యున్నది" అనెను. బోర్డో నగరమునకు దిగువను గరోను, దొర్దోన్యు అను రెండు నదులు కలిసి జిరోందు అను పేర సముద్రమును చేరును. దాని యొడ్డున బ్లాయి అను ఊర పాతకోట యున్నది. సముద్రము కలియు చోట నీటి నడుమ 1611 లో ముగించిన కోర్దువాను దీపస్తంభము నేటికిని వెలుగుచున్నది. ఇవన్నియు వాడు నాకు బొమ్మలలో చూపెను. "నాయనా, ఫ్రెంచివారేలిన నదీముఖము మనకును ఒకటి కలదు. ముందు దానిని చూచి, పిదప దూరదేశము పోవచ్చును" అంటిని. వాడు నవ్వి ఒప్పుకొనెను.

లింగంపల్లిలో రాత్రి గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారి కాకినాడ ప్రాంతమున దిగితిమి. బండి పేరే మేము చూడబోవు నది పేరు. గోదావరి ధవళేశ్వరము దిగువ గౌతమి, వసిష్ఠ యని రెండు పెద్దపాయలగును. అచటనే కాటను దొర 1847 లో ఆనకట్ట నారంభించి 1852 నాటికి ముగించెను. మన పెద్దలు గోదావరికి ఏడు పాయలనియు, ఏడింటిని ఏడుగురు ఋషుల పేర పిలుతుమనియు చెప్పుదురు. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో స్నానమాడి సప్తసాగరయాత్ర చేయు ఆచారము మీలో పలువురకు తెలిసినదే. కనుక నదీముఖములను చూడబోవుట మనకు తెల్లవారు నేర్పిన విద్య కాదు.

యానాము గౌతమి ఒడ్డున నున్నది. ఫ్రెంచివారు 1723 లో అచట వర్తకస్థానము నెలకొల్పిరి. ఆ శతాబ్దపు యుద్ధములలో ఆ యూరు ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని పలుమారులు చేతులు మారి, 1814 నాటి సంధిచే మరల ఫ్రెంచివారిదయ్యెను. చుట్టును ఉన్న భూమి యంతయు ఇంగ్లీషువారిది. నడుమ ఈ చిన్న ముక్క ఫ్రెంచివారిది. 1954 జూన్ 13 న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వమున జనులు యానామున ఫ్రెంచి యధికారమును తొలగించిరి. ఆ యేటనే నవంబరు 1 న పాలన భారతదేశమునకు వచ్చెను. సంధిపత్రము ప్రకారము అధికారికముగ చేరినది 1962 ఆగస్టు 16 న. నేడది పుదుచ్చేరిలో భాగము. వైశాల్యము ముప్పది చదరపు కిలోమీటర్లు, జనసంఖ్య 2011 లెక్కల ప్రకారము 55,626. మాట తెలుగు, పంట తెలుగు, పండుగ తెలుగు. రాజధాని మాత్రము అరవదేశమున.

ఊరిలో కాలినడకనే తిరిగితిమి. ఫ్రెంచి మతగురువులు పందొమ్మిదవ శతాబ్దమున కట్టిన దేవాలయము నేటికిని నిలిచియున్నది. నది యొడ్డున చక్కని విహారస్థలము చేసినారు. అచట శివలింగముపై ఏనుగుబొమ్మలు నీరు చల్లుచుండును. పిల్లలు దాని చుట్టు గుంపులు గూడియుండిరి. సుమారు నూరు మీటర్ల ఎత్తుగల స్తంభము ఊరికి గురుతుగ నిలిచినది. ఎదుర్లంక దరికి పొడవైన వంతెన యున్నది. దానికి బాలయోగిగారి పేరు పెట్టినారు. పూర్వము అచట పడవయే దిక్కు.

చరిత్రస్థలమునకు పోయిన వారు గొప్పలు మాత్రమే వినుట మంచిది కాదు. 1929 నాటి శారదా చట్టము బాల్యవివాహములను నిషేధించినప్పుడు, ఆ చట్టము ఫ్రెంచినేలపై చెల్లదు గదాయని చుట్టుప్రక్కలవారు పసిపిల్లలను యానామునకు గొనిపోయి పెండ్లిండ్లు చేసిరి. పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగముననే ఈ ప్రాంతపు పేదలను ఓడలెక్కించి, నేడు రీయూనియను అనబడు ఫ్రెంచిదీవికి చెఱకుతోటల పనికి పంపిరి. ఇదంతయు చెప్పగా మా మనుమడు చాలసేపు మాటాడలేదు. పిదప, "వారిలో ఎందరు తిరిగి వచ్చిరి తాతయ్యా?" అని మాత్రమడిగెను. నాయొద్ద బదులు లేదు.

యానాము విడిచి కాకినాడ దారి పట్టిన కొలది దూరమున కోరంగి యున్నది. ఒకప్పుడు ఇది యానాముకన్న పెద్ద రేవు. ఓడలను బాగుచేయు రేవుకట్టు ఇచట నుండెను. సమీపమున ఇంజరములో ఇంగ్లీషు కంపెనీవారు సన్నని బట్టలు నేయించి సీమకు పంపుచుండిరి. ఈ తీరమున ఓడలెక్కి బర్మా పోయిన తెలుగువారిని అచటివారు 'కొరంగీలు' అని పిలిచిరనగా ఈ రేవు పేరెంత దూరము పోయెనో తెలియును.

అట్టి కోరంగికి మేము పోయి, "రేవెక్కడ?" అని అడిగితిమి. పడవవాడు చేయి చాచి చూపెను. చూడగా మడచెట్లు, బురద, నీరు. ఒక గోడ లేదు, ఒక రాయి లేదు. మనుమడు నా ముఖము చూచెను. "బ్లాయి కోట నిలిచినది గదా, ఇది యేల పోయె?" అనెను.

కారణములు రెండు. 1789 లోను, మరల 1839 నవంబరులోను తుపానులు ఉప్పెన తెచ్చి ఊరిని ముంచినవి. అది యొకటి. గోదావరి తెచ్చు ఒండ్రుమట్టి కాలువలో మేటవేయగా ఓడలు లోనికి రాలేకపోయెను. వర్తకము కాకినాడకు తరలెను. ఇది రెండవది. మన లంకభూమిలో రాయి లేదు. నది యిచ్చిన మట్టిపై కట్టినది నదియే కప్పివేయును.

కాని అచట చూడదగినది లేకపోలేదు. 1978 లో ప్రభుత్వము సుమారు 235 చదరపు కిలోమీటర్ల మడ అడవిని అభయారణ్యముగ ప్రకటించినది. చెట్ల నడుమ చెక్కబాట వేసినారు. దానిపై నడచి, పడవలో పాయలవెంట పోవచ్చును. నీరుకుక్కలు, చేపలు పట్టు అడవిపిల్లులు అచట వసించును. ఎదుట సముద్రమున గోదావరి యిసుకతోనే ఏర్పడిన హోప్ దీవి కాకినాడ రేవునకు ప్రాకారమువలె నున్నది. శీతకాలమున సముద్రపు తాబేళ్ళు దాని యిసుకలో గ్రుడ్లు పెట్టును.

మడచెట్టు పని యేమో కొంచెము చెప్పెదను. పోటునకు ఉప్పునీరు ముంచును, పాటునకు బురద తేలును. సామాన్యమైన చెట్టు అచట కుళ్ళిపోవును. మడచెట్టు వేళ్ళను మేకులవలె బురదలోనుండి పైకి పంపి వానిచే గాలి పీల్చును. ఆ వేళ్ళే ఒండ్రును పట్టి నిలుపును, చేపపిల్లలకు రొయ్యపిల్లలకు ఇల్లగును, వచ్చు అల వేగమును విరుచును. 1996 నవంబరు 6 రాత్రి ఈ తీరమును తాకిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. ఆ రాత్రిని మరువని వారు ఈ ఊళ్ళలో నేటికిని ఇంటింట గలరు. వారి నడుగుడు, మడ అడవి విలువ యెంతయో. వంటచెరకునకు గాని చెరువుల త్రవ్వకమునకు గాని దానిని నరుకుట, ఇంటి గోడను పీకి పొయ్యిలో పెట్టుకొనుట వంటిది.

తిరిగి వచ్చునపుడు మనుమడు, "ఫ్రాన్సులో కోటయే కథ చెప్పును, ఇచట నీవు చెప్పకున్న నేను బురదను చూచి వచ్చియుందును" అనెను. నాకు ఆ మాటయే ఈ యాత్రాఫలము. రాయి లేని దేశమున పెద్దల జ్ఞాపకమే శిలాశాసనము. అది చెదలు పట్టకముందే చిన్నవారికి అప్పగింపవలెను.

పోదలచినవారు సంక్రాంతి దాటిన పిమ్మట పోవుట మేలు. అప్పటికి తుపానుల భయము తగ్గును. పోటుపాటుల వేళ తెలిసికొని పడవ యెక్కుడు. ప్లాస్టిక్ సంచులు నీట వేయకుడు. వీలైన ద్రాక్షారామ భీమేశ్వరుని దర్శించి రండు. అన్నిటికన్న ముఖ్యముగ ఇంటనున్న ఒక పిల్లవానినో పిల్లనో వెంట దీసికొనిపొండు.

సెలవు.