అడిక్‌మెట్‌లో చదువుల పేట

పారిస్ పట్టణంలో లాటిన్ క్వార్టర్ అనే పేట ఉన్నది. పూర్వం అక్కడి గురుశిష్యుల భాష లాటిన్. పేటకు ఆ పేరే నిలిచింది. మన హైదరాబాదులో అడిక్‌మెట్ కూడ అటువంటిదే.

ప్రియ చదువరులారా, మా అమ్మాయిని హాస్టల్లో దింపడానికి బోధన్ నుండి అక్కడికి వెళ్లాము. ఆర్ట్స్ కాలేజీ మెట్లమీద చాలాసేపు కూర్చున్నాము. ఉస్మానియా 1918లో వెలసింది; ఈ రాతి భవనం 1939లో పూర్తయింది. దీని నమూనా గీసినవాడు బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్. ఆ రోజుల్లో ఇక్కడ వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలోనే నేర్పారు. ఇంగ్లీషును కాదని దేశభాషలో నేర్పడం గొప్ప సాహసమే. అయితే ఇంట్లో తెలుగు మాటలాడే రైతుబిడ్డకు ఉర్దూ కూడ కొత్తగా నేర్వవలసినదే గదా! 1938లో వందేమాతరం పాడినందుకు వెళ్లగొట్టబడిన విద్యార్థులు అనేకులు నాగపూరు వెళ్లి చదువుకొన్నారు. 1948 తరువాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది.

మా పెద్దలు శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి బండ్లమీద చెరుకు తోలినవారు. అది 2015లో మూతబడింది. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం డిచ్‌పల్లిలో ఉండగా, అంత దూరమెందుకని చుట్టాలు అడిగారు. తెలుగు మీడియం పిల్ల ఇంగ్లీషు పాఠాలతో ఏమవుతుందోనని మాకూ భయమే. వారం తిరక్కుండానే ఫోను చేసింది: "అర్థంకాని పాఠాన్ని రాత్రి అక్కలు తెలుగులో చెబుతున్నారమ్మా."