హోటల్ కథ ఎవరి కథ?

కథను కంప్యూటరుకు అర్థం చేయించడం ఎట్లా అన్న ప్రశ్న మీద 1970ల నుంచీ అమెరికా విశ్వవిద్యాలయాల్లో పని జరుగుతూ వస్తున్నది. వెలివాడ నుంచి చదువుకోడానికొచ్చిన మనకు ఈ గొడవ ఎందుకని మిత్రులు అడగొచ్చు. కథలో ఏది నోరు తెరిచి చెప్పాలి, ఏది 'అందరికీ తెలిసిందే' అని వదిలెయ్యొచ్చు అన్నదే ఈ శాస్త్రానికి పునాది. ఆ 'అందరూ' ఎవరు అన్నదే మన పేచీ.

ఒక చిన్న కథ చూద్దాం. రాజు హోటలుకు పోయాడు. దోసె చెప్పాడు. డబ్బులిచ్చి బయటికొచ్చాడు. రాజు దోసె తిన్నాడా? కథలో ఆ ముక్క లేదు. అయినా తిన్నాడనే అంటాం. యంత్రం అట్లా అనలేదు, దానికి హోటలంటే ఏందో తెలియదు గనక. యేల్ విశ్వవిద్యాలయంలో రోజర్ షాంక్, రాబర్ట్ ఏబెల్సన్ దీనికి 1977 నాటి తమ పుస్తకంలో ఒక ఉపాయం చెప్పారు. రోజూ జరిగే పనులకు మనుషుల బుర్రలో ముందే రాసిపెట్టుకున్న వరస ఒకటి ఉంటుందన్నారు. దానికి 'స్క్రిప్ట్' అని పేరు పెట్టారు. వాళ్ళ పేరుబడ్డ ఉదాహరణే హోటల్. అందులో నాలుగు రంగాలు: లోపలికి రావడం, చెప్పడం, తినడం, వెళ్ళడం. పాత్రలు గిరాకీ, సర్వరు, వంటవాడు, గల్లాపెట్టె దగ్గరి మనిషి, యజమాని. సామాను బల్ల, మెనూ, తిండి, బిల్లు, డబ్బు. ఈ స్క్రిప్టు పట్టుకుని 'సామ్' అనే ప్రోగ్రాం కథలో చెప్పని ముక్కల్ని తానే పూరించి జవాబులు చెప్పేది.

చెప్పకపోతే యంత్రం ఎంత అయోమయంలో పడుతుందో అక్కడే జేమ్స్ మీహన్ తయారుచేసిన 'టేల్ స్పిన్' చూపించింది. అదొకసారి ఏటిలో చీమ జారిపడ్డ కథ అల్లి, చివరికి భూమ్యాకర్షణ శక్తి మునిగి చచ్చిపోయిందని తేల్చింది. చీమను కిందికి లాగింది అదే గదా, కాబట్టి అదీ నీళ్ళలో పడింది. ఒడ్డెక్కడానికి దానికి కాళ్ళు లేవు మరి!

ఇప్పుడు రెండు గ్లాసుల పద్ధతి నడిచిన మన పల్లె టీ హోటలును ఇదే లెక్కన రాద్దాం. లోపలికి రావడం ఉండదు, బయట నిలబడటం ఉంటుంది. చూరులో చెక్కిన గ్లాసు తానే తీసుకోవాలి, కడుక్కోవాలి. టీ తగలకుండా పైనుంచి పోస్తారు. కింద కూచుని తాగాలి, మళ్ళీ కడిగి చూరులోనే పెట్టాలి. బల్ల పోయింది, సర్వరు పోయాడు, రెండు కడగడాలు కొత్తగా వచ్చి చేరాయి. మారనిది ఒక్క డబ్బులివ్వడమే. మా నాయన తరంలో ఈ స్క్రిప్టును ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అందరికీ వచ్చు.

షాంక్ సిద్ధాంతంలో తేడాలకూ చోటుంది. సర్వరు రాకపోవడం, ఒకటి చెబితే ఇంకొకటి తేవడం లాంటివి ఆటంకాలు, పొరపాట్లు. మన టీ కథ దానికిస్తే అడుగడుగునా ఆటంకాలే కనపడతాయి. గ్లాసు ఎందుకు కడిగాడంటే, పనివాడు రాలేదేమో అనుకోవాలి. ఇక్కడ ఆటంకమే స్క్రిప్టు అన్న సంగతి దానికి ఎక్కదు. రాజ్యాంగంలో 17వ అధికరణం, 1955 చట్టం వచ్చినా ఆ స్క్రిప్టు చాలాచోట్ల సామాను మార్చుకున్నదంతే. వాళ్ళకు గాజు గ్లాసు, మనకు పారేసే ప్లాస్టిక్ కప్పు. పైకి చూస్తే శుభ్రత! స్క్రిప్టు ఎప్పుడూ ఒక పాత్ర వైపు నుంచే రాస్తామని షాంక్, ఏబెల్సన్ ఒప్పుకున్నారు, అది వాళ్ళ నిజాయితీ. కానీ గిరాకీ చూపు వేరు, వంటవాడి చూపు వేరు అన్నంతవరకే. గిరాకీల్లోనే పుట్టుకను బట్టి రెండు వరసలుంటాయన్నది వాళ్ళ ఊహకు అందలేదు.

తర్వాత పద్ధతి మారింది. 2008లో స్టాన్‌ఫర్డ్‌లో నేట్ ఛాంబర్స్, డాన్ జురాఫ్‌స్కీ స్క్రిప్టును చేత్తో రాయడం మానేసి వార్తల కుప్పల నుంచి ఏరారు. ఒకే పాత్రధారి చుట్టూ ఏ పని తర్వాత ఏది వస్తుందో యంత్రం లెక్కగడుతుంది. అరెస్టు, అభియోగం, శిక్ష, ఇట్లా గొలుసు కడుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. చుండూరు తీసుకోండి. 1991 ఆగస్టు 6న 8 మంది దళితుల్ని చంపారు. ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు శిక్షపడ్డవాళ్ళందర్నీ నిర్దోషులని వదిలేసింది. ముద్దాయి చుట్టూ అల్లితే అది అరెస్టుతో మొదలై విడుదలతో ముగిసే గొలుసు. చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళ చుట్టూ అల్లితే వెలితో మొదలవుతుంది. హత్యలు, ఊరు విడవడం, ఊళ్ళోనే కోర్టు కావాలని పట్టుబట్టడం మధ్యలో వస్తాయి, ముగింపు ఉండదు. పాత్రధారి ఎవరని ఎంచుకోవడంలోనే కథ తేలిపోతున్నది.

ఇవాళ్టి పెద్ద భాషా నమూనాలు కూడా చదివిన రాతల్లో ఏ మాట తర్వాత ఏది వస్తుందో నేర్చుకునేవే. తరచుగా కనపడే వరసే వాటికి మామూలు వరస. డక్కలివాళ్ళు పటం చూపిస్తూ గొంతెత్తి చెప్పే జాంబపురాణం ఆ రాతల్లోకి ఎంతవరకు ఎక్కింది?

ఈ పనిముట్టును పారెయ్యమని నేననను. ఉపాధ్యాయ మిత్రులు తరగతిలో కాగితం మీదే ఇది చేయించొచ్చు. ఒకే ఊరి టీ హోటలు గురించి వాడల వారీగా పెద్దల్ని అడిగి, రంగాలు, పాత్రలు, సామాను విడదీసి పక్కపక్కన పెట్టి చూడాలి. ఏ పని ఎవరి వరసలో లేదో లెక్క తేలుతుంది. 'టీ అడగడం' అని ఒక్క ముక్కలో రాస్తే మాత్రం పిలుపు జారిపోతుంది. అయ్యా అని అడిగాడా, అన్నా అని అడిగాడా, అవతలివాడు ఒరేయ్ అన్నాడా అన్నది విడిగా రాయించాలి.