టకోమాకి రాక్ స్లైడర్లు నేనే చేసుకున్నా: ఏది వర్కౌట్ అయింది, ఎక్కడ తప్పు చేశా

ఫోన్ కొన్న రోజే టెంపర్డ్ గ్లాస్ వేయించే బ్యాచ్ నేను. కానీ నా ట్రక్కుని మాత్రం కింద ఏ రక్షణా లేకుండా రాళ్ల మీదకి తీసుకెళ్లా. ఫలితంగా డ్రైవర్ డోర్ కింద అడుగు పొడవున సొట్ట పడింది.

ట్రక్కు 2012 మోడల్ టొయోటా టకోమా, డబుల్ క్యాబ్, 4.0 లీటర్ వి6. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. నేనుండే ఫీనిక్స్‌కి ఉత్తరాన, ఐ-17 హైవే దిగగానే టేబుల్ మెసా అనే ఏరియా ఉంది. అంతా రాళ్ల దారులే. అక్కడ మోకాలెత్తు బండ ఒకటి దిగుతుంటే వెనక చక్రం పక్కకి జారింది. బయట నిలబడి దారి చూపిస్తున్న మా రూమ్మేట్ "ఆపరా, ఆపు!" అని అరిచేలోపే కిర్రుమని చప్పుడు. దిగి చూస్తే రాకర్ ప్యానెల్, అంటే డోర్ల కింద ముందు చక్రం నుంచి వెనక దాకా ఉండే రేకు భాగం, లోపలికి నొక్కుకుపోయింది. డోర్ వేస్తే అడుగున గీసుకుంటోంది.

ఫెండర్ పాడైతే బోల్టులు విప్పి కొత్తది పెట్టొచ్చు. రాకర్ ప్యానెల్ క్యాబ్‌లోనే వెల్డ్ అయి ఉంటుంది. మార్చాలంటే కోసి, కొత్తది అతికించి, పెయింట్ వేయాలి. బాడీ షాప్ వాళ్లు చెప్పిన ఎస్టిమేట్ విన్నాక సొట్టని అలాగే వదిలేసి, రెండో సొట్ట పడకుండా చూసుకుందామని డిసైడ్ అయ్యా.

స్లైడర్ వేరు, ఫుట్‌స్టెప్ వేరు

చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఫుట్‌స్టెప్ మనిషి బరువు మోయడానికి. స్లైడర్ ట్రక్కు బరువు మోయడానికి. నా టకోమా దాదాపు 1,900 కిలోలు ఉంటుంది. రాయి మీద పడ్డప్పుడు అందులో సగం ఒక్క వైపు పైపు మీదే ఆనొచ్చు.

అందుకే స్లైడర్ ఎక్కడ అతుక్కుందనేదే అన్నిటికంటే ముఖ్యం. ఇలాంటి ట్రక్కుల్లో కింద ఉక్కు లాడర్ ఫ్రేమ్ ఉంటుంది, దాని మీద రబ్బరు బుష్‌ల సపోర్టుతో క్యాబ్ కూర్చుంటుంది. స్లైడర్ కాళ్లు ఫ్రేమ్‌కే అతకాలి, బాడీని ఎక్కడా తాకకూడదు. ఫ్రేమ్, క్యాబ్ విడివిడిగా కదులుతాయి కాబట్టి మధ్యలో కనీసం ఒక అంగుళం ఖాళీ వదలాలి. ఖాళీ లేకపోతే రాయి చేసే పని స్లైడరే చేస్తుంది.

నేను వాడిన మెటీరియల్: 1.75 అంగుళాల బయటి వ్యాసం, 0.120 అంగుళాల మందం ఉన్న డీఓఎం స్టీల్ ట్యూబ్. ఇది మీటరుకి సుమారు 3.1 కిలోలు తూగుతుంది. ఫ్రేమ్ దగ్గర 5 మి.మీ. ప్లేట్లు. ఒక్కో వైపు నాలుగు కాళ్లు, రెండు పొడవు పైపులు. బయటి పైపు కాస్త పైకి లేచి ఉండేలా కాళ్లని 15 డిగ్రీలు వంచా. రెండు వైపులా కలిపి 40 కిలోల బరువు పెరిగింది. మైలేజీ మీద ఎంతో కొంత ప్రభావం ఉంటుంది, అది ముందే ఒప్పుకోవాలి.

కొలతలకి ఫోన్ పనికొస్తుందా?

మన సైట్ కదా, మొదట ఫోన్‌తోనే ట్రై చేశా. ఏఆర్ మెజర్ యాప్‌తో ఫ్రేమ్ పొడవు మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలు వచ్చాయి, తేడా సెంటీమీటర్ పైనే. సోఫా పడుతుందో లేదో చూసుకోవడానికి సరిపోతుంది, వెల్డింగ్‌కి సరిపోదు. చివరికి టేపు, అమెజాన్ డబ్బా అట్టలే గతి అయ్యాయి. అట్టని ఫ్రేమ్‌కి ఆనించి, కత్తిరించి, సరిపోయిన ముక్కనే స్టీల్ ప్లేట్ మీద పెట్టి గీశా.

కోణానికి మాత్రం ఫోన్‌లోని లెవెల్ బాగానే పనిచేసింది. డిజిటల్ యాంగిల్ గేజ్‌తో పోల్చి చూస్తే తేడా అర డిగ్రీ లోపే. ఒక చిన్న చిట్కా: గ్యారేజ్ నేల సమతలంగా ఉండదు, కాబట్టి ముందు ఫ్రేమ్ మీద పెట్టి ఆ రీడింగ్‌ని సున్నాగా తీసుకోండి.

ఇంకో విషయం. గ్రైండర్ తిరుగుతుంటే ఫోన్‌ని దగ్గర్లో పెట్టకండి. స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఇనుప రజను వచ్చి గ్రిల్‌కి అంటుకుంటుంది, టూత్‌బ్రష్‌తో తోమినా ఓ పట్టాన పోదు. అంతకంటే పెద్ద దెబ్బ నా కెమెరాకి తగిలింది. వీడియో తీద్దామని మూడడుగుల దూరంలో స్టాండ్ పెట్టా. నిప్పురవ్వలు లెన్స్ గ్లాస్‌లో గుచ్చుకుని చిన్న చిన్న మచ్చలు పడ్డాయి. ఇప్పుడు రాత్రి ఫొటోల్లో వీధి దీపం చుట్టూ మబ్బు కమ్మినట్టు వస్తోంది. ట్రక్కు అద్దాలకీ అదే గతి పట్టకుండా తడి దుప్పటి కప్పి బతికిపోయా.

సుత్తి దెబ్బకి ఊడొచ్చిన వెల్డ్

బీటెక్ ఫస్టియర్ వర్క్‌షాప్ ల్యాబ్‌లో ఫిట్టింగ్, కార్పెంట్రీ, వెల్డింగ్ అన్నీ చేశాం కదా. వి-ఫిట్‌కి ఫైల్ రుద్దీ రుద్దీ చేతులు బొబ్బలెక్కిన రోజులు ఇప్పుడు పనికొచ్చాయి. కోతలు, ఫైలింగ్ బాగానే కుదిరాయి. వెల్డింగ్ కుదర్లేదు.

నా దగ్గరున్నది ఇంటి 120 వోల్టుల ప్లగ్‌తో నడిచే చిన్న ఫ్లక్స్ కోర్ మెషీన్. ఆటో డార్కెనింగ్ హెల్మెట్ పెట్టుకుని రెండు వారాంతాలు తుక్కు ముక్కల మీద ప్రాక్టీస్ చేశా. పైకి చూస్తే నాణేలు వరసగా పేర్చినట్టు ముచ్చటగా వచ్చింది. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టేశా. ఆ తర్వాత అనుమానం వచ్చి, అదే ముక్కని వైస్‌లో బిగించి సుత్తితో కొట్టా. రెండో దెబ్బకి ట్యూబ్ ప్లేట్ నుంచి శుభ్రంగా ఊడొచ్చింది. ప్లేట్ వైపు కరిగిన గుర్తే లేదు. మందంగా ఉన్న ప్లేట్ వేడినంతా లాగేసుకోవడంతో వెల్డ్ పైపైన అంటుకుంది అంతే.

ఆర్క్‌ని ప్లేట్ వైపు ఎక్కువసేపు చూపిస్తే కొంత మెరుగైంది. కానీ ప్రాక్టీస్ ముక్క ఊడితే ఇంకోటి దొరుకుతుంది, రాయి మీద 1,900 కిలోలతో ఉన్నప్పుడు ఊడితే? అందుకే నేను ట్యాక్ వెల్డ్‌లు వేసి, ఫైనల్ వెల్డింగ్‌కి ఇంటికొచ్చి చేసే సర్టిఫైడ్ వెల్డర్‌ని పిలిచా.

ఆయన వచ్చీ రాగానే రెండు తప్పులు పట్టుకున్నారు. ఒకటి, నా ప్లేట్ల మూలలు చతురస్రంగా ఉన్నాయి. మూలలు గుండ్రంగా చేయించి, ఫ్రేమ్‌కి అడ్డంగా నిలువు గీతలా వెల్డ్ వేయకూడదన్నారు. అలా వేస్తే ఒత్తిడంతా ఆ గీత దగ్గరే చేరి, కొన్నాళ్లకి ఫ్రేమ్ అక్కడే పగలొచ్చు. రెండోది, ఫ్రేమ్ లోపలి వైపు వెళ్లే బ్రేక్, ఫ్యూయల్ పైపుల సంగతి నేను పట్టించుకోలేదు. వాటికి వెల్డింగ్ బ్లాంకెట్ చుట్టి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, గ్రౌండ్ క్లాంప్‌ని వెల్డ్ పక్కనే పెట్టాకే మొదలుపెట్టారు. క్యాబ్ లోపల కార్పెట్ అంటుకోకుండా చూడటానికి నన్ను ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌తో లోపల కూర్చోబెట్టారు. ఒకేచోట వేడెక్కి ఫ్రేమ్ వంకరపోకుండా కుడి ఎడమలు మారుస్తూ మూడు గంటల్లో పూర్తి చేశారు.

బాడీ కటింగ్: ఇక్కడ కంట్రోల్ జెడ్ లేదు

స్లైడర్లతో ఆగి ఉంటే కథ సుఖాంతమే. కానీ నేను టైర్లు కూడా మార్చా. ఒరిజినల్ 265/70ఆర్16 వ్యాసం 30.6 అంగుళాలు, కొత్త 285/75ఆర్16 వ్యాసం 32.8. రెండున్నర అంగుళాల లిఫ్ట్ వేసినా, రివర్స్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైరు వెనక భాగం తగులుతోంది.

ముందు ప్లాస్టిక్ పని. ఫెండర్ లైనర్‌ని హీట్ గన్‌తో వేడి చేసి వెనక్కి నొక్కా, బంపర్ కింది అంచు కోశా. పార్కింగ్‌లో తిప్పి చూస్తే ఎక్కడా తగల్లేదు, అయిపోయిందనుకున్నా. ట్రయల్ మీద సస్పెన్షన్ నొక్కుకోగానే మళ్లీ బర్రుమంది. చేయాల్సింది ఏంటంటే, స్ప్రింగ్ తీసేసి, చక్రాన్ని జాక్‌తో పూర్తిగా పైకెత్తి, ఒక చివర్నుంచి ఇంకో చివరకి స్టీరింగ్ తిప్పి చూడాలి. అప్పుడే నిజంగా ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది.

అలా చూస్తే తగులుతున్నది క్యాబ్ మౌంట్‌కి. క్యాబ్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే బ్రాకెట్లలో అదొకటి. దాని ముందు మూల కోసి, తెరుచుకున్న చోట 5 మి.మీ. ప్లేట్‌తో మూసి వెల్డ్ చేయడం టకోమా ఓనర్లలో మామూలే. గీత గీసి, టేపు అంటించి, గ్రైండర్ పట్టుకుని పది నిమిషాలు అలాగే కూర్చున్నా. కోడ్‌లో తప్పు చేస్తే గిట్‌లో వెనక్కి వెళ్లొచ్చు. ఇక్కడ కోసింది కోసినట్టే, పైగా యాక్సిడెంట్ అయితే ఆ బ్రాకెట్ మీద నా ప్రాణం ఆధారపడి ఉంటుంది. బోల్టు, బుష్ జోలికి పోకుండా మూల మాత్రం కోశా. వెల్డర్ వచ్చిన రోజే దాన్నీ మూసేశారు. బయటపడ్డ ఇనుమంతటికీ ప్రైమర్, పెయింట్, అతుకుల దగ్గర సీమ్ సీలర్ వేశా. ఇది వదిలేస్తే తుప్పు మొదలైనట్టే.

టెస్ట్

ఫార్మ్ జాక్‌ని స్లైడర్ మధ్యలో పెట్టి, ఒక వైపు రెండు టైర్లూ గాల్లోకి లేచేదాకా ఎత్తా. బాడీకీ స్లైడర్‌కీ మధ్య ఖాళీ 28 మి.మీ. నుంచి 25కి తగ్గింది, దించగానే మళ్లీ 28 వచ్చింది. తర్వాత టేబుల్ మెసాలో అదే బండ దగ్గరికెళ్లాం. చక్రం మళ్లీ జారింది. ఈసారి ట్రక్కు స్లైడర్ మీద ఆని, కర్రుమంటూ జారి కిందకి దిగింది. పైపు మీద పెయింట్ పోయింది. డోర్ మాత్రం అంతకుముందు ఎలా పడేదో అలాగే పడింది.

ఖర్చు

ట్యూబ్, ప్లేట్లు 310 డాలర్లు, వెల్డర్‌కి 400, డిస్క్‌లు, పెయింట్ వగైరా 120. మొత్తం 830. మెషీన్, హెల్మెట్ ముందే ఉన్నాయి. బోల్ట్‌తో బిగించుకునే రెడీమేడ్ సెట్లు నేను చూసినవి 800 నుంచి 1,200 డాలర్ల మధ్యలో ఉన్నాయి. అంటే డబ్బు ఆదా కోసమే అయితే సొంతంగా చేసుకోవాల్సిన అవసరం లేదు.

ఇండియాలో చేద్దామనుకుంటే

థార్, జిమ్నీలకి లాడర్ ఫ్రేమ్ ఉంది కాబట్టి స్లైడర్లు సాధ్యమే. మోనోకాక్ ఎస్‌యూవీల్లో అతికించడానికి ఫ్రేమే ఉండదు, ప్రయత్నించకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ నుంచి బండిని మార్చడానికి వీల్లేదు. క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద కేంద్రం 2017 డిసెంబర్‌లోనే చర్యలు తీసుకోమంది. కోతలు, వెల్డింగ్ జోలికి వెళ్లేముందు ఆర్‌టీఓ దగ్గర, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర కనుక్కోండి.

ఫైనల్‌గా నా మాట

స్లైడర్లు: కళ్లు మూసుకుని వేయించుకోండి. రాళ్ల మీదకి వెళ్లేవాళ్లకి లిఫ్ట్ కంటే, లైట్ల కంటే ముందు ఇవే.

క్యాబ్ మౌంట్ కోత: నేనైతే మళ్లీ చేయను. పెద్ద టైరు వల్ల గ్రౌండ్ క్లియరెన్స్ పెరిగేది వ్యాసంలో సగమే, అంటే నాకు దక్కింది 28 మి.మీ. అదే 31.6 అంగుళాల 265/75ఆర్16 వేసుంటే ఆ బ్రాకెట్ జోలికి వెళ్లకుండానే 13 మి.మీ. వచ్చేది. అంటే 15 మి.మీ. కోసం క్యాబ్‌ని పట్టుకునే ఇనుముని కోశా. పైగా స్పీడోమీటర్ ఇప్పుడు 60 చూపిస్తుంటే నిజంగా వెళ్తున్నది 64. ఈ లెక్కలన్నీ వేయడానికి ఐదు నిమిషాలు చాలు. నేను మాత్రం కోశాక వేశా. మీరు కోయకముందే వేసుకోండి.