ప్రకృతిలో మిమిక్రీ

మిమిక్రీ అంటే నేరెళ్ల వేణుమాధవ్ గారి పేరు చెబుతారు పెద్దలు. అనుకరించేవాడు అనే అర్థంగల గ్రీకు మాట నుంచి ఈ పదం పుట్టింది. మనకది వినోదం. కొన్ని జీవులకు మాత్రం ప్రాణరక్షణ!

తిరువూరు పెరళ్లలోని కరివేపాకు, నిమ్మ ఆకుల మీద పిట్టరెట్టలా కనిపించే పురుగును చూశారా? అది ‘కామన్ మార్మన్’ సీతాకోకచిలుక పిల్ల. పెద్దయ్యాక ఆడవాటిలో కొన్ని అచ్చం ‘కామన్ రోజ్’ అనే మరో జాతిలా ఉంటాయి. నల్లని రెక్కలు, తెల్లని మచ్చలు, ఎర్రని చుక్కలు!

ఎందుకీ వేషం? కామన్ రోజ్ పురుగుదశలో ఈశ్వరి జాతి మొక్కల ఆకులు తిని, వాటి విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి రుచిచూసిన పక్షి మళ్లీ దాని జోలికి పోదు. ఆ పోలికవల్ల విషంలేని మార్మన్ కూడా బతికిపోతుంది.

మరి వేషధారులే ఎక్కువైతే? పక్షులకు రుచిగలవే తరచుగా దొరికి భయం పోతుంది. అసలువి తగినన్ని ఉంటేనే నకలుకు రక్ష.

అమెజాన్ అడవుల్లో 11 ఏళ్లు పరిశోధించిన హెన్రీ బేట్స్ 1862లో ఈ కిటుకును వివరించాడు. అందుకే దీనిని బేట్సియన్ మిమిక్రీ అంటారు.

పక్షి మోసపోయినా మీరు మోసపోకండి. రెక్కలు కాదు, ఒళ్లు చూడండి. రోజ్ ఒంటిపై ఎరుపు ఉంటుంది, మార్మన్ ఒళ్లు నలుపు!