చరిత్ర గ్రంథపు కూర్పును విశ్లేషించడం ఎలా? – వ్యాసానికి పిల్లలను సిద్ధం చేసే విధానం

“ఈ చరిత్ర గ్రంథ నిర్మాణాన్ని విశ్లేషిస్తూ వ్యాసం వ్రాయుము” అనే ప్రశ్న ఎదురైనప్పుడు పిల్లలలో అధికులు గ్రంథంలోని విషయాన్ని సంక్షేపించి వ్రాసి ఊరుకుంటారు. ఎవరు పాలించారు, ఏ యుద్ధం ఎప్పుడు జరిగింది అనే వివరాలతో రెండు పుటలు నిండుతాయి కాని, అడిగిన ప్రశ్నకు సమాధానం రాదు. విషయం వేరు, కూర్పు వేరు. గ్రంథకర్త ఏమి చెప్పాడన్నది విషయం. దానిని ఏ భాగాలుగా విడగొట్టాడు, దేనిని ముందుంచాడు, దేనిని వెనుకకు నెట్టాడు, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాడు అన్నది కూర్పు. ఇంటికి ఎన్ని గదులున్నాయో లెక్కించడం ఒక పని. వంటిల్లు ఆ మూలనే ఎందుకు పెట్టారని అడగడం మరొక పని. ఈ వ్యాసానికి కావలసినది రెండవది.

సరిహద్దు గ్రామాలలో మన పిల్లలకు ఈ అభ్యాసం మరింత అవసరం. బడిలో చరిత్రను కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చదివి, ఇంటికి వచ్చి తెలుగులో వింటారు. ఒకే కాలం రెండు పుస్తకాలలో రెండు రీతులుగా కనిపిస్తుంది. అందుకు కారణం కూర్పులో ఉందని గ్రహించిన విద్యార్థి, ఏ పుస్తకాన్నీ గుడ్డిగా నమ్మడు, గుడ్డిగా తోసివేయడు.

ఉదాహరణకు తీసుకోదగిన గ్రంథం సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. ఇది 1949లో వెలువడింది. ప్రతాపరెడ్డి గారు 1953లో కీర్తిశేషులైన పిదప, 1955లో తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దీనికే లభించింది. దీని కూర్పును దశలవారీగా పరిశీలిద్దాం.

మొదటి దశ: విషయ సూచిక

గ్రంథం చదవకముందే విషయ సూచికను పిల్లలచేత ఒక కాగితంపై వ్రాయించండి. తొలి ప్రకరణాలకు తూర్పు చాళుక్యులు, కాకతీయులు, రెడ్డిరాజులు, విజయనగరం అనే రాజ్యాల పేర్లున్నాయి. చివరి ప్రకరణాలకు రాజ్యాల పేర్లు లేవు. 1600 నుండి 1757, 1757 నుండి 1857, 1857 నుండి 1907 అని సంవత్సరాలే ఉన్నాయి. ఈ మార్పు ఎందుకు వచ్చిందని పిల్లలను అడగండి. విజయనగరం క్షీణించిన పిదప తెలుగువారందరినీ ఒక నీడ క్రిందికి తెచ్చిన రాజ్యం లేకపోయింది. పేరు పెట్టడానికి రాజ్యం లేనిచోట అంకెలు వచ్చి చేరాయని విద్యార్థి ఊహించగలిగితే, విశ్లేషణ మొదలైనట్లే.

రెండవ దశ: హద్దు సంవత్సరాలు

1757 అనగానే బెంగాలులోని ప్లాసీ యుద్ధం, 1857 అనగానే ఉత్తరాదిని కుదిపిన సిపాయిల తిరుగుబాటు గుర్తుకు వస్తాయి. ఇవి తెలుగు నేలకు ఎంతవరకు సరిపోతాయి? 1757 జనవరిలోనే బొబ్బిలి యుద్ధం జరిగింది కనుక ఆ సంవత్సరం మనకూ ముఖ్యమని ఒక విద్యార్థి వాదించవచ్చు. బళ్ళారి ప్రాంతపు విద్యార్థి, నిజాము దత్తమండలాలను కంపెనీకి అప్పగించిన 1800 సంవత్సరమే తన ఊరికి అసలు మలుపు అని వాదించవచ్చు. యానాం విద్యార్థికి 1954 వరకు సాగిన ఫ్రెంచి పాలన గుర్తుకు వస్తుంది. ఎవరి వాదం సరియైనదన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఎంచుకున్న సంవత్సరం ఏ ప్రాంతాన్ని నడిమికి తెస్తుంది, దేనిని అంచుకు చేరుస్తుంది అన్నదే ముఖ్యం.

మూడవ దశ: ప్రకరణం లోపల

ప్రకరణం పైన రాజవంశం పేరున్నా, లోపల కనిపించేది రాజు కాదు. మతం, వ్యవసాయం, వ్యాపారం, చేతివృత్తులు, తిండి, బట్ట, నగలు, ఆటలు, వినోదాలు – ఇవే ఒక ప్రకరణం తరువాత మరొక ప్రకరణంలో మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఈ పునరుక్తి లోపం కాదు. అదే పోలికకు వీలు కల్పిస్తుంది. ఆటల గురించిన భాగాలను మాత్రమే ఏరి వరుసగా చదివితే శతాబ్దాల మార్పు కంటికి కడుతుంది. చిలుకూరి వీరభద్రరావు గారి ‘ఆంధ్రుల చరిత్రము’ తొలి భాగం 1910లో వచ్చింది. అది రాజవంశాల క్రమంలో నడిచే చరిత్ర. రెండు విషయ సూచికలను ప్రక్కప్రక్కన పెడితే కూర్పు మారినప్పుడు కథానాయకుడు మారతాడని చిన్న తరగతి విద్యార్థికి కూడా బోధపడుతుంది.

నాలుగవ దశ: ఆధారాలు

కాకతీయుల కాలానికి పాల్కురికి సోమనాథుని రచనలు, క్రీడాభిరామము, రెడ్డిరాజుల కాలానికి శ్రీనాథుడు, విజయనగరానికి ఆముక్తమాల్యద, ఆ తరువాతి కాలానికి శుకసప్తతి, హంసవింశతి. ఇట్లు కావ్యాలను ఆధారంగా చేసుకొని, శాసనాలను, విదేశీ యాత్రికుల రచనలను వాటికి జోడించి ప్రతాపరెడ్డి గారు చరిత్ర వ్రాశారు. దీనివలన శాసనాలు చెప్పని సామాన్యుని జీవితం వెలుగులోకి వచ్చింది. అయితే కవి చూపు పడని ఊళ్ళు, కులాలు, పనులు ఈ కూర్పులో కనిపించే అవకాశం తక్కువ. మేలు, పరిమితి రెండింటినీ చెప్పగలిగినదే మంచి విశ్లేషణ.

వ్యాసం కూర్చే విధం

ఇంతవరకు సేకరించిన దానిని ఒక వాదంగా మార్చాలి. “ఈ గ్రంథం చాలా గొప్పది, ఎన్నో విషయాలు తెలిపింది” అన్నది మెప్పు మాత్రమే, వాదం కాదు. ఇట్లు వ్రాయవచ్చు: “ప్రతాపరెడ్డి గారు ప్రకరణాలను రాజ్యాల పేర్లతో విడగొట్టినా, లోపల ప్రజల నిత్యజీవితాన్నే నడిమికి తెచ్చారు, అందువలన రాజ్యం పోయినా ప్రజల చరిత్ర ఆగదని గ్రంథపు కూర్పే చెబుతున్నది.” ఈ వాక్యాన్ని తొలి పేరాలో ఉంచి, తరువాతి మూడు పేరాలలో కాలవిభజన, ప్రకరణాల అంతర్భాగం, ఆధారాలు అనే మూడింటితో నిరూపించాలి. ప్రతి పేరాలోనూ గ్రంథం నుండి ఒక నిదర్శనం, దాని వలన పాఠకునికి కలిగే ఫలితం తప్పక ఉండాలి. చివరి పేరాలో ఈ కూర్పు వలన మరుగున పడినదేమిటో చెప్పి ముగించాలి.

ఇంటిలో చేయించదగిన అభ్యాసం

తల్లిదండ్రులు చదువుకోని వారైనా ఇందుకు తోడ్పడవచ్చు. తాతయ్య, అమ్మమ్మ చెప్పిన కుటుంబ చరిత్రను పిల్లవానిచేత మూడు విధాలుగా వ్రాయించండి. మొదటిసారి సంవత్సరాల వరుసలో. రెండవసారి భూమి, నీరు, పెండ్లిళ్ళు, వలసలు అనే విషయాల వరుసలో. మూడవసారి ఒక్కొక్క మనిషి పేరుతో. సంవత్సరాల వరుసలో అమ్మమ్మ ఒకటి రెండు చోట్ల మాత్రమే కనిపించవచ్చు. పెండ్లిళ్ళ శీర్షిక క్రింద ఆమెయే ముందు నిలవవచ్చు. కూర్పు వలన ఎవరు కనబడతారో, ఎవరు మరుగున పడతారో ఇంతకంటె తేలికగా నేర్పే పాఠం లేదు. బడి భాషలో ఆలోచన ముందుగా తోస్తే ఆ భాషలోనే సూచనలు వ్రాసుకోనివ్వండి. వాక్యం మాత్రం తెలుగులో సొంతంగా కట్టమనండి. కన్నడంలోనైనా, ఒడియాలోనైనా, మరాఠీలోనైనా ‘అధ్యాయం’ అన్న మాట మనకు పరాయిది కాదు.

చివరిగా ఒక ప్రశ్నను పిల్లల ముందుంచండి. 1949లో అచ్చయిన ఈ గ్రంథం 1907తో ఆగిపోయింది. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనది 1936లో. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది 1953లో. రాష్ట్రాల పునర్విభజన జరిగినది 1956లో. తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరినది 1960లో. అనగా మనలను ఇప్పుడు అటువారు, ఇటువారు అని విడదీసే గీతలలో పెక్కు ఆ గ్రంథపు చివరి పుట తరువాత గీసినవే. ఆ గ్రంథానికి తరువాతి ప్రకరణం వ్రాయవలసి వస్తే దానికి ఏ పేరు పెడతావు, ఏ సంవత్సరంతో మొదలుపెడతావు, మన ఊరిని అందులో ఎక్కడ ఉంచుతావు అని అడగండి. దానికి కారణాలతో సమాధానం చెప్పగలిగిన విద్యార్థి, ఏ చరిత్ర గ్రంథం చేతికిచ్చినా విశ్లేషణ వ్యాసం వ్రాయగలడు.